'స్థిరంగా ఉంది' అంటే ఏది స్థిరంగా ఉంది?

సందేహం: వేగ–కాల గ్రాఫులో గీత అడ్డంగా ఉన్న భాగాన్ని వివరించమంటే మా అబ్బాయి 'వస్తువు స్థిరంగా ఉంది' అని రాశాడు. తప్పన్నారు. పాఠంలో అదే గీతకు 'స్థిర వేగం' అని ఉంది. రెండు చోట్లా మాట ఒకటే కదా? 'రుణ త్వరణం' అంటే నెమ్మదించడమేనా?

సమాధానం: మాట ఒకటే, కర్త వేరు. 'వస్తువు స్థిరంగా ఉంది' అంటే కదలనిది వస్తువు. 'వేగం స్థిరంగా ఉంది' అంటే మారనిది వేగం. వస్తువు పోతూనే ఉంటుంది. 'స్థా' ధాతువుకు నిలవడమని అర్థం కనుక ఆ మాట వినగానే ఆగిన వస్తువే మనసులో మెదులుతుంది. పోనీ 'నిలకడ' అందామా అంటే అదీ నిలవడంలోంచి పుట్టిందే. వస్తువు నిజంగా ఆగి ఉంటే గీత కాలాక్షం మీదే ఉంటుంది. దూర–కాల గ్రాఫులో మాత్రం అడ్డగీత అంటే ఆగడమే. పిల్లలు ముందు నేర్చేది అది కాబట్టి ఆ అలవాటు ఇక్కడికీ వస్తుంది.

తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం చెల్లుతుంది. గ్రాఫు దగ్గర ఆ సౌకర్యమే కొంప ముంచుతుంది. 'ఇక్కడ తగ్గుతోంది' అంటే తగ్గేది వేగమా, వడా, దూరమా?

ఒక బండి కదలకుండా ఉన్న స్థితి నుంచి బయలుదేరి 4 సెకన్లలో సెకనుకు 12 మీటర్ల వేగం అందుకుందనుకోండి. 10వ సెకను దాకా అదే వేగం. అక్కణ్ణుంచి గీత తిన్నగా కిందికి దిగి, 13వ సెకను దగ్గర అక్షాన్ని దాటి, 15వ సెకనుకు −8ని చేరింది. ఈ 5 సెకన్లలో వేగం 20 తగ్గింది, కనుక ఈ భాగంలో గీత వాలు (సెకనుకు వేగంలో వచ్చే మార్పు) మొదటి నుంచి చివరి దాకా −4. అంటే త్వరణం అంతటా రుణమే. కానీ బండి నెమ్మదించింది 13వ సెకను వరకే! ఆ తర్వాత వెనక్కి తిరిగి పుంజుకుంది: వడి 0 నుంచి 8కి పెరిగింది. వేగం మాత్రం తగ్గుతూనే ఉంది, −8 సున్న కన్నా చిన్నది కదా. వాడుకలో వడి, వేగం ఒకటే. గణితంలో వేగానికి దిశ ఉంది, వడికి లేదు.

కాబట్టి రుణ త్వరణానికి నెమ్మదించడమని అర్థం రాసుకోవద్దు. వేగం, త్వరణం గుర్తులు వేరైతే నెమ్మదించడం, ఒకటైతే పుంజుకోవడం. 'త్వరణం'లో 'త్వర' ఉన్నా త్వరగా పోవడమని కాదు, వేగం మారే రేటు అని. మన బండి 4 నుంచి 10 దాకా గట్టిగానే పోతోంది, త్వరణం సున్న. 'వాలు' అనే మాటా ఇలాంటిదే: వాడుకలో వాలడమంటే కిందికే, గణితంలో ఎక్కే గీతకూ వాలు ఉంటుంది. మొదటి 4 సెకన్ల వాలు +3.

ఇక గీతకూ కాలాక్షానికీ మధ్యనున్న వైశాల్యం. బండి ఎంత పోయిందో తేల్చేది అదే. అక్షానికి పైనున్నది 24 + 72 + 18 = 114, కిందున్నది 8. స్థానభ్రంశం (బయలుదేరిన చోటు నుంచి చివరికి ఎంత జరిగిందన్నది) కావాలంటే తీసివేయాలి, 106; నడిచిన దూరం కావాలంటే కలపాలి, 122. 'ఎంత పోయింది?' అని అడిగితే ఏ జవాబు చెప్పాలో తేలదు. ప్రశ్న రాసేవాళ్లే 'దూరం' అనో 'స్థానభ్రంశం' అనో రాయాలి. 'వైశాల్యం' అనగానే అలవాటుగా 'చదరపు మీటర్లు' అని రాసేస్తారు. ఇక్కడ ఒక భుజం సెకన్లు, రెండోది సెకనుకు మీటర్లు. గుణిస్తే సెకన్లు కొట్టుకుపోయి మిగిలేది ఉత్త మీటర్లే.