సస్టైనబిలిటీ ఎమ్మెస్సీకి 30 లక్షలు పెట్టే ముందు మిల్లు కరెంటు బిల్లు అమ్మాయి చేతిలో పెట్టండి

ప్రశ్న: నమస్తే సార్. మాది మండపేట, చిన్న బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. మా అమ్మాయి ఈ ఏడాది మెకానికల్ బీటెక్ పూర్తి చేసింది, 8.1 వచ్చింది. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే వద్దంటోంది. చిన్న ఫ్యాక్టరీల్లో కార్బన్ తగ్గించే పని నేర్చుకుని అదే చేస్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లేమో యూకేలో సస్టైనబిలిటీ ఎమ్మెస్సీ చేస్తే ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణం, సామాజిక బాధ్యత, పాలన లెక్కలు చూసే) ఉద్యోగాలు బోలెడు అంటున్నారు. మొత్తం 30 లక్షలు అవుతుందట, పొలం మీద లోను తీసుకోవాలి. యూకే పంపాలా, ఇక్కడే ఏదన్నా చేయించాలా, సాఫ్ట్‌వేర్‌లో చేరమని గట్టిగా చెప్పాలా? ఆడపిల్ల ఫ్యాక్టరీల చుట్టూ తిరగడమంటే ఇంట్లో అందరికీ భయంగా ఉంది. మూడూ పోల్చి చెప్పగలరు.

జవాబు: అండీ, ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్ల నుంచి వస్తూనే ఉంది, మధ్యలో కోర్సు పేరు మారుతుంది అంతే. ఒకప్పుడు బయోటెక్నాలజీ అని అడిగేవాళ్లు, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు సస్టైనబిలిటీ. అడిగేది కోర్సు గురించే కానీ లోపల ఉన్న భయం వేరు, లోను తెచ్చి పంపాక పిల్ల ఉద్యోగం లేకుండా తిరిగొస్తే ఏం చెయ్యాలి, పంపకపోతే దాని జీవితం మనమే పాడు చేశామేమో అని. ముందు ఆ భయం గురించి చెప్తాను. మెకానికల్‌లో 8.1 తెచ్చుకున్న పిల్ల, ఏం చెయ్యాలో ఇరవై రెండేళ్లకే నోరు తెరిచి చెప్పగలిగిన పిల్ల, ఒక ఏడాది అటూ ఇటూ అయినా ఏమీ పాడైపోదు. నా దగ్గరకొచ్చే పిల్లల్లో సగం మందికి తమకేం కావాలో తెలీదు. మీ అమ్మాయికి తెలుసు, ఆ ఒక్క సంగతికి మీరు సగం నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు అసలు పని ఏంటో చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో ఆ పని గురించి ఒక్క ముక్క లేదు. చిన్న ఫ్యాక్టరీలో కార్బన్ తగ్గించడమంటే కరెంటు, డీజిల్, బొగ్గు, గ్యాస్ ఎక్కడ వృథా అవుతున్నాయో పట్టుకుని ఆపడం. మీ మిల్లే తీసుకోండి. రంగు మారిన గింజల్ని గాలితో ఏరేసే మెషీన్ సార్టెక్స్‌కి గాలిచ్చే కంప్రెసర్ ఉంటుంది కదా. లెక్క కోసం అది 20 హెచ్‌పీ అనుకుందాం, అంటే దాదాపు 15 కిలోవాట్లు, రోజుకి 16 గంటలు నడిస్తే 240 యూనిట్లు. సరిగ్గా చూసుకోని చోట్ల పైపు జాయింట్ల దగ్గర, ట్యూబుల దగ్గర 20 నుంచి 30 శాతం గాలి లీకుల్లోనే పోతుంది. నాలుగో వంతు పోతోందనుకుంటే రోజుకి 60 యూనిట్లు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 18,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా లక్షా పాతిక వేలు దాటుతుంది. మన గ్రిడ్ కరెంటుకి యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన అది పన్నెండున్నర టన్నులు. ఇంతా చేసి రిపేరుకి కావాల్సింది టేపూ క్లాంపులూ కొన్ని ఫిట్టింగులూ, ఒక మనిషి రెండు రోజులు కూర్చుని చేసే పని.

ఇలాంటివి మిల్లు నిండా ఉంటాయి. డ్రైయర్ బ్లోయర్‌కి వీఎఫ్‌డీ (మోటారు స్పీడు తగ్గించి పెంచే పరికరం) పెట్టి స్పీడు 20 శాతం తగ్గించగలిగితే అది తీసుకునే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. బాయిలర్ పొగ గొట్టంలో పోయే వేడి 22 డిగ్రీలు తగ్గితే ఎఫిషియెన్సీ ఒక శాతం పెరుగుతుంది. నాలుగైదు సార్లు రీవైండింగ్ చేయించిన పాత మోటార్లు ఎంత కరెంటు తాగుతున్నాయో ఓనర్లకి తెలీదు, తిరుగుతోంది కదా అని వదిలేస్తారు. ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టి చెప్తున్నవి కావు, ఇంధన ఆదా చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లు ఎప్పుడో చిన్న పరిశ్రమల ప్రోగ్రామ్ పెట్టినప్పుడే వరంగల్ రైస్ మిల్లులు, భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు, గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ యూనిట్లు ఎంచుకుని స్టడీ చేయించారు. మీ జిల్లా ఆ లిస్టులో ఉందన్న మాట.

ఇందులో మెలికలు కూడా ఉన్నాయి, చదువు అక్కడే కావాలి. బిల్లు తగ్గితే కార్బన్ కూడా అంతే తగ్గిందని అనుకోకూడదు. మన దగ్గర హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కి కేవీఏహెచ్ లెక్కన, అంటే మోటార్లు లైన్లోంచి లాగినా పనికి మారని కరెంటు కూడా కలిపి బిల్లు వేస్తారు కాబట్టి కెపాసిటర్లు సరిచేస్తే బిల్లు బాగానే తగ్గుతుంది, కార్బన్ మాత్రం కొంచెమే తగ్గుతుంది. ఇంకోటి, మీ బాయిలర్‌లో కాలేది ఊక. ఊక కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ వరి పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి దాన్ని బొగ్గుతో కలిపి లెక్కెయ్యరు, విడిగా చూపిస్తారు. అలాంటప్పుడు మీరు ఊక ఆదా చేస్తే దాని లాభం ఎక్కడ కనిపిస్తుంది? మిగిలిన ఊక కొనుక్కుని బొగ్గు మానేసిన ఇంకో ఫ్యాక్టరీ లెక్కలో కనిపిస్తుంది. ఇది తెలియని వాళ్లు ఊకని బొగ్గు కాలమ్‌లో వేసేసి రిపోర్టు ఇచ్చిన కేసు నేనే చూశాను, ఆ మిల్లు ఓనర్‌కి ఆ అంకె చూసి మతిపోయింది.

ఇక మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే ఈఎస్‌జీ ఉద్యోగాల మాట. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోకుండా చెప్తాను. ఈ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం రిపోర్టులు రాసేవి. పెద్ద కంపెనీ ఏదో ఒక రూల్ ప్రకారం లెక్కలు చూపించాలి, దానికి మనుషులు కావాలి. రూల్ ఉన్నంత కాలం ఉద్యోగం ఉంటుంది. మరి రూల్స్ ఎలా ఉన్నాయో చూడండి. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే సస్టైనబిలిటీ రిపోర్టు తప్పనిసరి చేసింది, బాగుంది. ఆ కంపెనీలకి సరుకు సప్లై చేసే వాళ్ల లెక్కలు కూడా చూపించాలని టాప్ 250కి చెప్పింది, అది వస్తే చిన్న యూనిట్లన్నీ కార్బన్ లెక్కలకి పరిగెత్తాల్సి వచ్చేది, తీరా దాన్ని ఒక ఏడాది వెనక్కి జరిపి, ఇష్టమైతేనే ఇవ్వండి అని మార్చేశారు. యూరప్ బోర్డర్ కార్బన్ ట్యాక్స్ సీబామ్ 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది నిజమే, కానీ అది ఇనుము, స్టీలు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు మీదే. బోల్టులు, నట్లు తయారు చేసి యూరప్ పంపేవాళ్లకి తగులుతుంది, మీ బియ్యానికీ భీమవరం రొయ్యకీ దాంతో సంబంధం లేదు. అక్కడ కూడా ఏడాదికి 50 టన్నుల లోపు తెప్పించుకునే ఇంపోర్టర్లని వదిలేశారు. మరి "సీబామ్ వచ్చింది, ఉద్యోగాలే ఉద్యోగాలు" అని బ్రోచర్లో వేసి 30 లక్షలు అడుగుతుంటే నాకు కోపం వస్తుంది.

ఓనర్‌కి నెలనెలా వచ్చే కరెంటు బిల్లుని మాత్రం ఏ సెబీ వాయిదా వెయ్యదు. అది తగ్గించగలిగిన మనిషికి పని ఉంటుంది.

యూకే సంగతి కూడా చూసుకోండి. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే వాళ్లకి రెండేళ్లు కాదు, 18 నెలలే. ఆ తర్వాత వర్క్ వీసాకి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపించాలి, కొత్తగా చేరేవాళ్లకి కొంత తగ్గింపు ఉన్నా స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. ఏడాది ఎమ్మెస్సీ చేసి, ఒక్క రోజు కూడా ఫ్యాక్టరీలో పని చెయ్యని అమ్మాయిని అక్కడి కంపెనీ ఎందుకు స్పాన్సర్ చెయ్యాలి? నాకైతే దీనికి మంచి జవాబు దొరకలేదు. మూడు నాలుగేళ్లు ఇక్కడ ప్లాంట్లు చూశాక వెళ్తానంటే అది వేరే విషయం, అప్పుడు నేనే వెళ్లమంటాను.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అమ్మాయి నాలుగేళ్లు మెకానికల్ చదివింది. మీ ఇంటికి కూతవేటు దూరంలో మిల్లు ఉంది, బాయిలర్, డ్రైయర్, బ్లోయర్లు, ఎలివేటర్లు, కంప్రెసర్, ఆ పిల్ల పుస్తకంలో చదివినవన్నీ అక్కడ తిరుగుతున్నాయి. ఒక్కసారైనా ఆ పిల్ల చేతికి కరెంటు బిల్లు ఇచ్చారా? బాయిలర్ దగ్గర అరగంట నిలబడనిచ్చారా? కొడుకైతే పదో క్లాసు సెలవుల్లోనే మిల్లులో కూర్చోబెట్టేవారు. సొంత మిల్లులోకి రానివ్వని పిల్లని, ముక్కూ మొహం తెలీని దేశానికి పొలం తాకట్టు పెట్టి పంపడానికి మాత్రం సిద్ధపడ్డారు. ఫ్యాక్టరీ అంటే భయం అంటున్నారు, ఆ భయం మీ మిల్లులో మీ కళ్ల ముందే పోగొట్టుకోవచ్చు కదండీ.

భయం పూర్తిగా తప్పని కూడా అనను. ఎనర్జీ ఆడిట్ (ఫ్యాక్టరీకెళ్లి కరెంటు, ఇంధనం ఎక్కడ పోతోందో కొలిచే పని) అంటే తిరుగుడు ఉంటుంది, జీడిమెట్లలో ఒక వారం, పటాన్‌చెరులో ఒక వారం, వేడి, దుమ్ము, శబ్దం. చేరే ముందు కంపెనీని అడగండి, ఫీల్డుకి టీమ్‌గా పంపుతారా, బస ఎవరిది, రాత్రి షిఫ్టు కొలతలు ఉంటే ఎలా చేస్తారు అని. ఇవి అడగడం మీ హక్కు, సరైన జవాబు రాని చోట చేరొద్దు. ఆడపిల్ల చెప్తే మిల్లు వాళ్లు వింటారా అన్నది కూడా చాలా మంది తండ్రులు అడుగుతారు. మొదటి రోజు వినరు. తీగకి తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి, ఈ మోటారు లోడు లేకుండానే ఇంత తీసుకుంటోంది చూడండన్నా అని చూపిస్తే రెండో రోజు ఆ ఎలక్ట్రీషియనే ఇంకో మోటారు దగ్గరకి తీసుకెళ్తాడు. నా స్టూడెంట్లలో ఈ పనిలో ఉన్న అమ్మాయిలు నాకు చెప్పింది ఇదే.

పోలిక అడిగారు కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో మొదటి జీతం ఎక్కువ, ఈ లైన్లో మొదటి రెండు మూడేళ్లు తక్కువ, అందులో మొహమాటం లేదు. యూకే గురించి పైన చెప్పేశాను. ఇక్కడే ఉంటే హైదరాబాద్‌లో ఎనర్జీ ఆడిట్ సంస్థలున్నాయి, సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది, నేషనల్ ప్రొడక్టివిటీ కౌన్సిల్ ఆఫీసు ఉంది, యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ నిమ్స్‌మే ఉంది, ట్రైనీగానో ప్రాజెక్టు మీదో తలుపు తట్టడానికి ఇవి చాలు. మూడేళ్లు పని చేశాక బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు, ఆ పరీక్ష సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, ఇక్కడ రాయను. 2025 జులైలో కేంద్రం అదీతీ అని ఒక స్కీమ్ మొదలుపెట్టింది, కరెంటు ఆదా చేసే మెషీన్లకి లోను తీసుకుంటే మైక్రో, స్మాల్ యూనిట్లకి వడ్డీలో 5 శాతం, మీడియం వాటికి 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఆ లోనుకి ముందు ఆడిట్ కావాలి, తర్వాత నిజంగా ఆదా అయిందా అని కొలవాలి. ఆ కొలిచే మనుషులు మన దగ్గర తక్కువగా ఉన్నారు, మీ అమ్మాయి అడుగు పెడతానంటున్నది అక్కడికే.

కాబట్టి ఇప్పుడు లోను వద్దు, సాఫ్ట్‌వేర్‌లో చేరమని గట్టిగా చెప్పడం కూడా వద్దు. ముందు ఒక పని చెయ్యండి. పోయిన ఏడాది పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ బిల్లులు, నెలకి ఎంత ధాన్యం ఆడించారో ఆ రిజిస్టరు అమ్మాయికి ఇవ్వండి. క్వింటాకి ఎన్ని యూనిట్లు పడుతోందో నెలవారీగా తనే తీస్తుంది. తర్వాత మిల్లు ఆపిన రోజు సార్టెక్స్ ఆపేసి కంప్రెసర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి, అది ఎంతసేపు లోడ్‌లో (గాలి నింపుతూ) ఉంటోంది, ఎంతసేపు అన్‌లోడ్‌లో (ఊరికే తిరుగుతూ) ఉంటోంది, వాచీ పెట్టి ఒక అరగంట రాసుకోమనండి. గాలి ఎవరూ వాడకుండానే అది లోడ్ అవుతోందంటే అదంతా లీకే. మీరూ పక్కన నిలబడండి. ఆ రెండు కాగితాలు అమ్మాయినే నాకు పంపమనండి, ఎక్కడ అప్లై చెయ్యాలో ఆ తర్వాత తనతోనే మాట్లాడతాను.