బతికున్న కణానికి రంగు వేస్తే

ప్రశ్న: మా కాలేజీ ల్యాబులో ఉల్లిపొరకు సఫ్రనిన్ వేసి కణాలు చూపించారు. రంగు పట్టాక అవి బతికి ఉండవని మేడం చెప్పారు. మరి ప్రాణంతో ఉన్న కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఎలా చూస్తారు? ఆ రంగు కణాన్ని చంపదా?
– బీఎస్సీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: మోతాదు మించితే తప్పకుండా చంపుతుందమ్మా. అందుకే చాలా పలచగా వేస్తాం.

నేను ఎక్కువకాలం పనిచేసిన రోడమిన్ 123 సంగతి చెబుతాను. బతికున్న కణాల్లో మైటోకాండ్రియాను ఈ రంగు పట్టి చూపుతుందని 1980లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. దీని అణువుకు ధనావేశం ఉంటుంది. శ్వాసక్రియ సాగినంతసేపూ మైటోకాండ్రియా లోపలి వైపు ఋణావేశంతో ఉంటుంది కనుక, రంగును తనలోకి లాక్కుంటుంది. మైటోకాండ్రియా లోపలి పొరకు అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా 60 మిల్లీవోల్టులు పెరిగినప్పుడల్లా లోపలి గాఢత పదింతలవుతుంది. 180 ఉంటే వెయ్యింతలు! నీలికాంతి పడగానే ఈ రంగు ఆకుపచ్చగా వెలుగుతుంది. శ్వాసక్రియ ఆగి ఆవేశం పోతే రంగు కూడా బయటికి జారిపోతుంది.

పుస్తకాల్లో చిక్కుడు గింజల్లా గీసిన మైటోకాండ్రియా సన్నని దారాల్లా పాకుతూ, అతుక్కుంటూ, విడిపోతూ ఉండటం మొదటిసారి చూసిన రోజు నేను మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

అసలు భయపడాల్సింది వెలుతురుకు. కాంతిని పీల్చుకున్న రంగు అణువుల వల్ల పక్కనున్న ఆక్సిజన్, కణాన్ని గాయపరిచే రూపాల్లోకి మారుతుంది. ఒకసారి ఒక మందును పరీక్షిస్తూ దీపాన్ని చాలాసేపు తెరిచే ఉంచాను. దారాలన్నీ పూసల్లా తెగిపోయాయి. మందు ప్రభావమేనని నోటుబుక్కులో రాసుకున్నాను. అనుమానం వచ్చి, మందు వేయని గిన్నెకూ అంతే వెలుతురు ఇచ్చి చూస్తే అక్కడా పూసలే! మూడు వారాల ఫలితాలు కొట్టేశాను. అప్పటి నుంచి మందు లేని గిన్నె ఒకటి, రంగే లేని గిన్నె ఒకటి పక్కన లేకుండా ప్రయోగం మొదలుపెట్టలేదు.

మీ ల్యాబులో ఇలా రంగు వెలుగును చూపే ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని లేకపోయినా ప్రాణమున్న కణాన్ని చూడవచ్చు. ఈసారి సఫ్రనిన్ వేయకండి. తాజా ఉల్లి లోపలి పొరను నీటిచుక్కలో పరిచి, 40 రెట్ల లెన్సు పెట్టి, డయాఫ్రంతో వెలుతురు బాగా తగ్గించండి. కేంద్రకం చుట్టూ, కణం అంచుల వెంట ఓపికగా వెతకండి. చిన్నచిన్న రేణువులు బారులు తీరి కదులుతుంటాయి. కనబడగానే మేడంను కూడా పిలవండి.