పాత కంప్యూటర్, కొత్త ల్యాప్‌టాప్ ఒకదానికొకటి కనపడనప్పుడు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక రాత్రంతా దాని గురించే ఆలోచించాను. మీ నాన్న విండోస్ 7 కంప్యూటర్లో పదిహేనేళ్ల డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే) పని ఉంది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం పత్రికలు, కరపత్రాలు, ఎన్నో ఇళ్ల శుభకార్యాలు అందులోనే ఉన్నాయి. అవి కొత్త ల్యాప్‌టాప్‌లోకి రావడం లేదని నువ్వు టెన్షన్ పడకు. ఫైళ్లకు ఏమీ కాలేదు. రెండు మిషన్ల మధ్య పొత్తు కుదరలేదు, అంతే.

వీడియో చూసి, బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేశానని, ఎస్ఎంబీ 1 ఆన్ చేశానని చెప్పావు. ముందు ఆ రెండూ మళ్లీ ఎలా ఉన్నవి అలా పెట్టెయ్. ఎస్ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి మాట్లాడుకునే భాష. 2017 మే నెలలో ప్రపంచమంతా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై అనే వైరస్, ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం పట్టుకునే ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పాకింది. అదే ఏడాది చివర నుంచి కొత్తగా వేసే విండోస్‌లోంచి మైక్రోసాఫ్ట్ ఆ మొదటి వెర్షన్‌ను క్రమంగా తప్పిస్తూ వచ్చింది. అసలు మీకు దాని అవసరమే లేదమ్మా. ఇంకా పాతదైన విండోస్ ఎక్స్‌పీకి మొదటి వెర్షన్ తప్ప ఇంకోటి రాదు కానీ, విండోస్ 7కి రెండోది వచ్చు, నీ విండోస్ 11కీ వచ్చు. పాతదాని కోసం కొత్తదాని తలుపులు తీసి పెట్టడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. మార్చాల్సింది ఏదైనా ఉంటే పాతదానిలోనే మార్చు.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా అన్నది చూడు. రెండింట్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టు, ఆ మిషన్ నెట్‌వర్క్ అడ్రస్ అంకెల్లో కనపడుతుంది. నేను ఒకసారి రెండు రోజులు షేరింగ్ సెట్టింగులతోనే కుస్తీ పట్టాను. కింద గదిలో పాతది 192.168.1.12 అని చూపించింది, మేడ మీద ల్యాప్‌టాప్ 192.168.0.7 అంది. మూడో చోట 1కి బదులు 0 ఉన్న ఆ ఒక్క అంకె తేడా నా కంట పడలేదు. సిగ్నల్ కోసం పిల్లలు పైన ఇంకో రౌటర్ పెట్టారు, అది వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. కింది మిషన్‌కు పైది ఎంత వెతికినా దొరకదు. ల్యాప్‌టాప్‌ను కింది వైఫైకి మార్చగానే సగం చిక్కు తీరింది. మీ ఇంట్లో చుట్టాలకిచ్చే గెస్ట్ వైఫై ఉంటే దానికి కనెక్ట్ చెయ్యకు, చాలా రౌటర్లు అందులోని మిషన్లను మిగతావాటికి దూరంగా ఉంచుతాయి.

తర్వాత పాతదానిలో నెట్‌వర్క్ రకం హోమ్ అని, కొత్తదానిలో ప్రైవేట్ అని ఉందో లేదో చూడు. పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ షేరింగ్‌ను రానివ్వదు, ఒక్కోసారి పింగ్‌కు, అంటే అవతలి మిషన్ ఉందా అని పిలిచి చూసే కమాండ్‌కు కూడా జవాబు రాదు.

నీ విషయంలో అసలు చిక్కు పాస్‌వర్డ్ దగ్గరే ఉందని నా నమ్మకం. షాపులో ఎవరైనా కూర్చుని పని చేసుకోవాలని మీ నాన్న ఆ మిషన్‌కు పాస్‌వర్డే పెట్టలేదు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రావడాన్ని విండోస్ ఒప్పుకోదు. పోనీ పేరూ పాస్‌వర్డూ లేకుండా గెస్ట్‌గా వెళ్దామంటే, 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ నుంచి విండోస్ 11 ప్రో దాన్నీ ఆపేసింది. అందుకని పాతదానిలో కొత్త యూజర్ ఒకటి తయారుచేసి గట్టి పాస్‌వర్డ్ పెట్టు. మీ నాన్న పని ఉన్న ఫోల్డర్ ఒక్కటే ఆ యూజర్‌కు షేర్ చెయ్యి, అదీ చదవడానికి మాత్రమే అనుమతితో. అప్పుడు కొత్తదాని నుంచి పొరపాటున ఏదీ చెరిగిపోదు.

నెట్‌వర్క్ ఐకాన్‌లో పాత మిషన్ పేరు కనపడకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకు. పేరు కనపడటం వేరు, లోపలికి వెళ్లగలగడం వేరు. ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో \\192.168.1.12 అని, నీ పాతదాని అంకెలతో, నేరుగా కొట్టు. యూజర్ పేరు అడిగితే ముందు పాత కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత కొత్త యూజర్ పేరు ఇవ్వు. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తిప్పి పంపిస్తే, ఇదివరకు ఇచ్చిన తప్పు పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్ గుర్తుపెట్టుకుని ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో, దాచుకున్న పాస్‌వర్డులు ఉండే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, ఆ పాత నమోదు తీసేసి మళ్లీ ప్రయత్నించు. ఒకసారికి ఒక్కటే మార్చు, ఏం మార్చావో కాగితం మీద రాసుకో.

కాపీ చేసేటప్పుడు పాతదాన్ని వైఫై మీద కాకుండా కేబుల్‌తో రౌటర్‌కు కలుపు. ఆ కేబుల్ పెట్టే లాన్ పోర్టు వేగం సెకనుకు వంద మెగాబిట్లే (ఎంబీపీఎస్) అయినా, 40 జీబీ ఫైళ్లు రావడానికి గంట, గంటంపావు పడుతుంది. స్లీప్ ఆపెయ్, మధ్యలో నిద్రపోతే కాపీ ఆగిపోతుంది.

ఇంకో సంగతి. ఫైళ్లు వచ్చాక తెరిచి చూస్తే తెలుగు ఉండాల్సిన చోట ఏవో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనపడొచ్చు. కాపీ చెడిపోయిందనుకుని కంగారు పడకు. ఆ రోజుల్లో మేమంతా అను అనే తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే డీటీపీ ప్రోగ్రామ్‌లో కొట్టేవాళ్లం. అది ఇప్పుడు అన్ని మిషన్లకూ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతి కాదు, ఆ ఫాంట్ లేని మిషన్‌లో తెలుగు కనపడదు. ముఖ్యమైన కార్డులను పాత మిషన్‌లోనే పీడీఎఫ్‌గా మార్చుకుని తెచ్చుకుంటే ఎప్పటికైనా చదువుకోవచ్చు.

విండోస్ 7కి 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఆగిపోయాయి. కాబట్టి పని అయ్యాక షేరింగ్ తీసేసి, దాని కేబుల్ రౌటర్ నుంచి లాగెయ్. అంతా ఇంకో బయటి హార్డ్ డిస్క్‌లోకి కూడా కాపీ చెయ్యి. ఆ డిస్క్‌తో పాటు ఫాంట్ల సీడీ కూడా దాచు, అది మీ నాన్న టేబుల్ సొరుగులో రసీదు పుస్తకాల కింద ఉండాలి.

ఆదివారం పొద్దున పాత మిషన్ పక్కనే కూర్చుని ఫోన్ చెయ్యి. రెండు అడ్రసులూ నాకు చదివి వినిపిద్దువుగాని.

మీ పెదనాన్న