సెల్లార్ గోడకు బీటలు: బాగుచేయించే ఖర్చు ఎవరిది?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో మాది 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2022 జూన్‌లో తాళాలు ఇచ్చారు. సెల్లార్ కాంక్రీటు గోడ బీటలు వారి నీరు కారుతోంది. బిల్డర్ ఒకసారి సిమెంటు పూయించాడు, మళ్లీ విచ్చుకుంది. ఇప్పుడడిగితే "ఒప్పందంలో రాసిన ఏడాది వారంటీ అయిపోయింది, ఇదంతా 2024 బుడమేరు వరద వల్లే" అంటున్నాడు. ఫ్లాటుకింత వేసుకుని మేమే చేయించుకోవాలా?

జవాబు: ముందు ఆ వసూళ్లు ఆపండి. ఒప్పందంలో ఏడాది అని రాసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. లేదంటే నష్టపరిహారం కట్టాలి. మీ గడువు 2027 జూన్‌తో ముగుస్తుంది. నోటి మాట, ఫోన్ కాల్ చాలవు. అసోసియేషన్ తీర్మానం చేసి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే అసోసియేషనే ఆ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర నియంత్రణ సంస్థ ఏపీ రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ దారీ ఉంది కానీ అక్కడ గడువు రెండేళ్లే.

ఇక వరద మాట. సెల్లార్ గోడ కట్టేదే బయటి మట్టి, నీటి ఒత్తిడిని తట్టుకోవడానికి కదా! అయినా ఆ వాదనను తేలిగ్గా తీసుకోకండి. మీ వాట్సాప్ గ్రూపులో 2024 సెప్టెంబరుకు ముందు చెమ్మ గురించి ఎవరైనా పెట్టిన మెసేజ్‌లు, ఫొటోలు వెతకండి. ఒక్కటి దొరికినా వరద వాదన సగం నీరుగారిపోతుంది. పైపుల కోసం మీరెవరైనా ఆ గోడకు రంధ్రాలు కొట్టించారా? ఉంటే నాతో దాచకండి, అవతలి వకీలు ఎలాగూ అడుగుతాడు.

నా దగ్గరికి వచ్చే చాలామంది గోడను నున్నగా పూయించేసి, ఆ తర్వాత కేసు వేద్దామంటారు. అప్పుడు చూపించడానికి ఏం మిగులుతుంది? స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి బీటల పొడవు, వెడల్పు కొలిపించి, తేదీతో రిపోర్టు తీసుకోండి. గోడ లోపలికి ఉబ్బిందని, ప్రమాదమని ఆయన అంటే మాత్రం నోటీసు గడువు కోసం ఆగవద్దు. అక్కడ కార్లు పెట్టడం మాన్పించి, బిల్డర్‌కు రాతపూర్వకంగా తెలిపి, ఫొటోలు తీశాకే పని మొదలుపెట్టండి. గ్రౌటింగ్ (బీటల్లోకి సిమెంటు వంటి మిశ్రమం ఎక్కించి మూసే పని) బిల్లులన్నీ అసోసియేషన్ పేరు మీదే ఉండాలి.