పెరాలసిస్ వచ్చి ఆర్నెల్లు దాటితే చెయ్యి ఇంక రాదా?

మీ మావయ్యగారికి ఏడు నెలలైంది, కుడిచెయ్యి ఇంక రాదని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా అని అడిగారు కదా. మాది పలాస, మా నాన్నకీ కుడిచెయ్యే, మాకూ అదే మాట చెప్పారు, ఒకాయనైతే పావురం రక్తం రాస్తే తగ్గుద్దని ఏకంగా పావురాన్నే పట్టుకొచ్చేసాడు, అమ్మ దాన్ని వదిలేసింది.

అసలు తప్పు మాదే అండి. అమ్మ ముద్దలు కలిపి పెట్టేది, బొత్తాలు నేను పెట్టేవాణ్ణి, మిగతావి ఆయన ఎడంచేత్తోనే లాగించేసేవారు, కుడిచెయ్యి ఒళ్ళో పడుండేది. ఫిజియో ఆయన చూసి తిట్టాడు. దెబ్బ తగిలింది ఎడం వైపు మెదడుకి, చేతికి కాదు, మొదట్లో ఎంత ప్రయత్నించినా కదలకపోయేసరికి మనిషి ఆ చేతిని వాడ్డమే మానేస్తాడు, తర్వాత కొంచెం ఓపికొచ్చినా ఆ అలవాటు పోదు అన్నాడు.

ఇది అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే ఆయన కోతుల్లో చూసాడంట. ఒక చేతి స్పర్శ నరాలు మాత్రం కోసేస్తే ఆ చెయ్యి వాడ్డం మానేసాయి, మంచి చెయ్యి కట్టేస్తే మళ్ళీ దాంతోనే తిండి అందుకున్నాయి! తర్వాత మనుషుల మీదా చేసారు, 2006లో వచ్చిన స్టడీలో 222 మంది, స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్ళు, అంటే మీ ఏడు నెలలూ అందులోకే వస్తాయి. రెండు వారాలు మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు మంచి చేతికి తొడుగు, రోజూ గంటలు గంటలు సాధన, ఏడాది తర్వాత కూడా మామూలు వైద్యం వాళ్ళకంటే బాగా వాడారు. కాకపోతే మణికట్టు, వేళ్ళు కాస్తైనా పైకి లేపగలిగినవాళ్ళనే తీసుకున్నారు, అస్సలు కదలని చేతికి ఇది పనిచెయ్యదు, ముందు ఫిజియోకి చూపించండి.

మా ఇంట్లో సాధనంటే జీడిపప్పే. ఎడంచేతికి సాక్సు తొడిగి, పళ్ళెంలో పప్పు పోసి గుండు వేరు బద్ద వేరు ఏరమనేవాళ్ళం. మొదటిరోజు పళ్ళెం విసిరేసారు. పిక్కల వ్యాపారం చేసిన మనిషి, నెమ్మదిగా పౌరుషం వచ్చింది, నాలుగో నెలకి పావుకిలో ఏరేసేవారు. సంతకం ఇప్పటికీ వంకరే, అన్నం మాత్రం తనే కలుపుకుంటారు.

ఒక్కటి, నడిచేటప్పుడు ఆ సాక్సు తీసెయ్యండి. తూలితే పట్టుకోడానికి మంచి చెయ్యి ఖాళీగా ఉండాలి, మా నాన్న ఒకసారి గడప దగ్గర పడ్డారు.