ఆదా అయ్యే పెట్రోలుతో కొత్త కారు వాయిదాలు తీరుతాయా?

ప్రశ్న: నా దగ్గర ఇరవై ఏళ్ల నాటి ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారు ఉంది. లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తోంది. ఏడాదికి 6,000 కిలోమీటర్ల వరకు నడుపుతాను. అదే శ్రేణిలో వచ్చిన కొత్త టర్బో కారు లీటరుకు 11 ఇస్తుందని, ఆదా అయ్యే పెట్రోలు డబ్బుతోనే నెలవారీ వాయిదాలో మంచి భాగం తీరిపోతుందని అమ్మకందారు అంటున్నారు. పాతది అమ్మి, తక్కువ పడిన మొత్తానికి అప్పు తీసుకోవచ్చా?

జవాబు: పెట్రోలు ఆదా కోసమే అయితే వద్దు. మీరు ఇచ్చిన అంకెలతోనే ఈ సంగతి తేలిపోతుంది. 6,000 కిలోమీటర్లకు పాత కారు 750 లీటర్లు తాగుతుంది. అమ్మకందారు మాట అక్షరాలా నిజమైనా కొత్తది 545 లీటర్లు తాగుతుంది. అంటే ఏడాదికి మిగిలేది 205 లీటర్లు, నెలకు 17. అరవై లీటర్ల ట్యాంకులో అది మూడో వంతు కూడా నింపదు.

ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు నేను కాసేపు డబ్బును పక్కన పెట్టి, అప్పును, వడ్డీని, తరుగుదలను కూడా లీటర్లలోకే మార్చి చూస్తాను. పెట్రోలు ధర మారుతూ ఉన్నా ఈ లెక్క త్వరగా పాతబడదు. మీరు తీసుకోబోయే అప్పును లీటరు ధరతో భాగిస్తే 20,000 లీటర్లు వచ్చిందనుకుందాం. ఈ తరహా కార్లకు ఇది పెద్ద అంచనా ఏమీ కాదు. దానిపై వడ్డీ 8 శాతమైతే మొదటి ఏడాది వడ్డీయే 1,600 లీటర్లకు దగ్గరగా ఉంటుంది. 205 లీటర్లు మిగుల్చుకోవడానికి 1,600 లీటర్లు చెల్లిస్తున్నారన్న మాట, అప్పు తాలూకు అసలు తీర్చే సంగతి ఇంకా ఎత్తనేలేదు. ఆపైన తరుగుదల. ఇరవై ఏళ్లు నిండిన మీ కారు పోగొట్టుకోవలసిన విలువలో చాలా భాగం ఎప్పుడో పోగొట్టుకుంది, కొత్తది మాత్రం షోరూము గేటు దాటిన రోజు నుంచే ఆ పని మొదలుపెడుతుంది.

మైలేజీని లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పుకునే అలవాటు కూడా మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 6 నుంచి 8కి పెరిగినా, 12 నుంచి 14కి పెరిగినా పెరిగింది రెండే కదా అనిపిస్తుంది. మీరు తిరిగే 6,000 కిలోమీటర్లకు మొదటి మార్పు 250 లీటర్లు మిగిలిస్తే, రెండోది 71 లీటర్లే మిగులుస్తుంది. అందుకే నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడగండి. మీ పాత కారుకు 12.5, కొత్తదానికి 9.1.

ఇక ఆ 11 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి అధిక వేగాన్ని, ఏసీ వాడకాన్ని, చలి వాతావరణాన్ని కూడా పరీక్షలో చేర్చడంతో అధికారిక మైలేజీ అంకెలు తగ్గాయి. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకు పాత ఎన్‌ఈడీసీ పరీక్ష స్థానంలో కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ వచ్చింది. కాబట్టి మీ కారు పాత కరపత్రంలోని అంకెను కొత్త కరపత్రంలోని అంకెతో నేరుగా పోల్చకూడదు. టర్బో ఇంజినుకు, అంటే బయటికి పోయే పొగ బలంతో లోపలికి అదనపు గాలి నెట్టుకునే ఇంజినుకు, మరో స్వభావం ఉంది. మెల్లగా నడిపితే చిన్న ఇంజినులా పొదుపుగా ఉంటుంది, యాక్సిలరేటరును గట్టిగా తొక్కి బూస్టు (ఆ అదనపు గాలి) వాడితే పెద్ద ఇంజినులాగే తాగుతుంది. స్పోర్ట్స్ కారు కొనుక్కుని మెల్లగా నడిపేవారు ఎందరుంటారో మీకే తెలుసు. పైగా కొత్త కారుకు అధిక ఆక్టేన్ పెట్రోలు తప్పనిసరై, మీ పాతది మామూలు పెట్రోలుతో నడుస్తుంటే, ఆ రెండింటి ధరల తేడా 10 శాతం ఉన్నా చాలు, జేబు లెక్కలో 11 కాస్తా 10 అయిపోతుంది.

కొత్తదంటే పొదుపైనదే అన్న నమ్మకం కూడా ప్రతిసారీ నిలవదు, నిలిచినా మిగిలేది కొంచెమే కావచ్చు. మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారును చూడండి. అమెరికా అధికారిక అంకెల ప్రకారం 1990 నాటి 1.6 లీటర్ల మాన్యువల్ కారు సగటున లీటరుకు 10 కిలోమీటర్ల పైచిలుకు ఇస్తే, 2019 నాటి 2 లీటర్ల కారు 12 పైచిలుకు ఇస్తుంది. శక్తి బాగా పెరిగినా మైలేజీ కూడా పెరగడం మెచ్చుకోదగ్గ విషయమే, కానీ దాదాపు ముప్ఫై ఏళ్ల ఇంజినీరింగ్ శ్రమంతా మీ వాడకంలో మిగిల్చేది ఏడాదికి 100 లీటర్లే. సుబారు బీఆర్‌జెడ్ అనే మరో స్పోర్ట్స్ కారు కథ దీనికి పూర్తిగా విరుద్ధం. 2013 మాన్యువల్ కారు 10.6 ఇస్తే, ఇంజిను 2 లీటర్ల నుంచి 2.4 లీటర్లకు పెరిగిన 2022 మాన్యువల్ కారు 9.4 మాత్రమే ఇస్తుంది.

మీ 8 అన్న అంకె మీదా నాకు అనుమానం ఉంది. నా పాత కూపే 9 నుంచి 7కి పడిపోయినప్పుడు, నేనూ మీలాగే అమ్మేద్దామనుకున్నాను. ఇంజిను అరిగిపోయిందని ఒక వర్క్‌షాపులో తేల్చేశారు కూడా. మరో మెకానిక్ నా పక్కన కూర్చుని అరగంట నడిపించి, ఉష్ణోగ్రత ముల్లు సగానికి రాకపోవడం చూపించాడు. ఇంజినును చల్లబరిచే ద్రవం ప్రవాహాన్ని అదుపు చేసే కవాటం, అదే థర్మోస్టాట్, తెరుచుకుని బిగుసుకుపోయిందట. ఇంజిను వేడెక్కలేదనుకుని కంప్యూటరు అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంది. గుప్పిట్లో పట్టే ఆ భాగాన్ని మార్చాక మైలేజీ మళ్లీ 9కి వచ్చింది. ఇంత సలహాలిచ్చే మనిషిని, ఆ ముల్లును నెలల తరబడి చూస్తూ కూడా పట్టించుకోలేదు. ముసలిదైన ఆక్సిజన్ సెన్సర్, పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన టైర్లు కూడా ఇలాగే పెట్రోలు తాగేస్తాయి.

కాబట్టి ముందు సరైన కొలత తీసుకోండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ మొదటిసారి దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి ఓడోమీటరు అంకె రాసుకోండి. తర్వాతి మూడుసార్లూ అలాగే నింపించి, మొత్తం కిలోమీటర్లను ఆ మూడుసార్లు పోసిన మొత్తం లీటర్లతో భాగించండి. టైర్ల సైజు మార్చి ఉంటే ఓడోమీటరు కూడా తప్పు చూపుతుందని గుర్తుంచుకోండి.

వాయిదా కట్టడానికి సిద్ధపడ్డారు కనుక, అందులో మూడో వంతును ప్రతి నెలా వేరే ఖాతాలో మరమ్మతు నిధిగా వేయండి. ఇరవై ఏళ్ల కారుకు క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, ఇంధన గొట్టాలు ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. ముఖ్యంగా ఆ గొట్టాల రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునేదో కాదో చూపించుకోండి. విడిభాగాలు దొరకడం మానేసినా, కొత్త కారులోని అదనపు ఎయిర్‌బ్యాగులు, స్థిరత్వ నియంత్రణ మీ కుటుంబానికి అవసరమనిపించినా కొత్తది కొనడానికి అవి సరైన కారణాలే. అప్పుడు మీ ఆదాయం ఆ వాయిదాను మోయగలదా అన్నది ఒక్కటే చూడవలసింది, పెట్రోలును ఆ లెక్కలోకి తేవద్దు. మూడు నింపుల అంకెలు, అప్పు మొత్తం, వడ్డీ రేటు రాసి పంపితే మిగతా లెక్క వేసి చెబుతాను. ఈలోగా ఇరవై నిమిషాలు నడిపాక మీ కారు ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడ నిలబడుతోందో ఒకసారి గమనించండి.