వరదొచ్చినా భూకంపమొచ్చినా గరిటె పట్టే చెఫ్

ప్రశ్న: విపత్తుల్లో వండిపెట్టే చెఫ్ హోసే ఆంద్రేస్ ఎవరు? అంతమందికి ఎలా వండుతారు?

జవాబు: స్పెయిన్‌లో పుట్టారు. అక్కడి పేరున్న రెస్టారెంట్ ఎల్ బుల్లీలో పనిచేసి, 1993లో వాషింగ్టన్‌లో మొదలైన హలేయో రెస్టారెంట్‌తో పేరు తెచ్చుకున్నారు. 2010 హైతీ భూకంపం తర్వాత విపత్తుల్లో భోజనం అందించే వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే సంస్థ పెట్టారు. అక్కడ ఆయన బీన్స్ గింజలు గింజలుగా వండితే స్థానికులకు నచ్చలేదు. మెత్తగా మెదిపి, జల్లెడలో వడగట్టి, చిక్కటి పులుసులా చేయమన్నారు. ఆకలి మీదున్నా నోటికి అలవాటైన రుచే కావాలి మరి! అందుకే ఊరి వంటవాళ్లు, ఊళ్లో దొరికే సరుకులే ఈ సంస్థ పద్ధతి. 2017లో మరియా తుపాను తర్వాత కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో, పాయేయా అనే స్పెయిన్ అన్నం వంటకానికి వాడే వెడల్పాటి పెనాల్లో కోడికూర అన్నం వండారు. శాండ్‌విచ్‌లకు మయొనైజ్ ధారాళంగా పట్టించారు. లేకపోతే పంచేలోపే బ్రెడ్ ఎండిపోతుంది. ఇది ప్రాణాలకు తెగించిన పని కూడా: 2024 ఏప్రిల్‌లో గాజాలో ఇజ్రాయెల్ దాడిలో సంస్థ సిబ్బంది ఏడుగురు చనిపోయారు.